నూనె డబ్బాలో చేను

సూరత్‌లోని ఖటోదరాలో మా పక్క గదిలో ఉండేవాడు ఒక మగ్గం పనివాడు. డ్యూటీ దిగి, జుట్టునిండా నూలు పీచుతోనే, ఎదురైనవాళ్లను ఆపేవాడు. "మా చేను సూస్తవా?" అని మేడమీదికి తీసుకుపోయేవాడు. అక్కడ ఉండేది నూనె డబ్బాలో ఒక్క పల్లిచెట్టు. దాన్ని పట్టుకుని చేను అనడమేమిటని నాకు విసుగ్గా ఉండేది. ఊళ్లో భార్య విత్తనం వేసిన రోజే తనూ ఇక్కడ ఒక గింజ నాటాడట.

పల్లికి ఒక మందు కొడతారు. అది చెట్టు ఏపుగా పెరగడాన్ని ఆపి బలాన్ని కాయలోకి మళ్లిస్తుంది. పూత తర్వాత, కాయ పట్టే ఊడలు మట్టిలోకి దిగేటప్పుడే కొట్టాలి. డబ్బాలో ఊడలు దిగగానే ఆయన ఊరికి ఫోన్ చేశాడు.

"అదనొచ్చింది, మందు కొట్టియ్యే."

"ఏంది కొట్టేది? ఈడ ఇంక పూతే సరిగ రాలే. నీ మాటింటే చెట్లన్ని గిడసబారుతయి," అంది భార్య.

చుట్టూ ఉన్న రేకుల కప్పుల వేడికి సూరత్ చెట్టు తొందరపడింది. ఆ తర్వాత ఆయన ఎవరినీ చేను చూడ రమ్మనలేదు.

కొన్నాళ్లకు బట్టలారేయడానికి మేడెక్కాను. ఆయన గ్లాసులో మందు కలిపి, ముదిరిపోయిన ఆ చెట్టుమీద చేత్తో చిలకరిస్తున్నాడు.

"దీనికి అదను దాటింది గదనే. ఇప్పుడెందుకు?" అన్నాను.

"ఎరుకే," అన్నాడు తలెత్తకుండా. "ఊర్ల ఇయ్యాల కొడుతున్నదట. ఆమె ఒక్కతే కొడుతున్నది."