తోసే మందు, గుద్దే మందు

చిట్టమూరు పక్క ఇసుక నేలల్లో వేరుశెనగ వేసుకుని బతికే ఇళ్లలో సామ్రాజ్యానిది ఒకటి. ఊళ్లో ఆమె పేరెత్తితే ముందు ఆమె కోపమే గుర్తొచ్చేది. ప్రార్థన కూడికలో పాస్టరుగారు ఆడవాళ్ల మీద ఒక మాట ఎక్కువ విసిరితే చాప చుట్టుకుని లేచిపోయే మనిషి. భర్త జ్ఞానప్రకాశం బర్మా యుద్ధం చూసొచ్చిన సిపాయి. అడవిపందుల నుంచి పంట కాపాడుకోవడానికి సర్కారు లైసెన్సు ఇచ్చిన రైఫిలు ఆ చుట్టుపక్కల అతని ఒక్కడి దగ్గరే ఉండేది.

కొత్త తోటాలు దొరకడం గగనం. అందుకని పేలిన తోటాల ఇత్తడి గొట్టాలు ఏరుకొచ్చి, నిప్పు పుట్టించే కొత్త టోపీ, తుపాకి మందు, సీసపు గుండు పెట్టి ఇంట్లోనే మళ్లీ నింపుకునేవాళ్లు. జ్ఞానప్రకాశం పట్టాళంలో నేర్చుకున్న పని అది. చలిజ్వరాలతో చేతులు వణకడం మొదలయ్యాక భార్యకు నేర్పాడు.

"రైఫిలుకు తోసే మందు కావాల మే," అని మొదటిరోజే చెప్పాడు. "గుండును తుపాకి గొట్టం చివరిదాకా తోసుకుంటా పోవాల. గుద్దే మందు పోసినామంటే గుండు కదిలేలోపలే తుపాకి పగులుద్ది."

చైనా యుద్ధం అయిన మరుసటేడు పాత మందు నిండుకుంది. అదే ఏడు పందులు మొగలి పొదల్లోంచి మందలుగా వచ్చిపడ్డాయి. పక్క చేను పెద్దరైతు జయరామయ్యది. పొద్దున లేస్తే జ్ఞానప్రకాశం ఇంటి అరుగు మీద కూర్చుని, "పట్టాళపోడివి, ఇంట్లో తుపాకి పెట్టుకుని చేను పందులకు ఒప్పజెప్పినావా?" అని నలుగురూ వినేట్టు ఎకసెక్కాలాడేవాడు. ఆ మాట పడలేక జ్ఞానప్రకాశం నెల్లూరు వెళ్లి, కామాక్షయ్య అనే తుపాకుల సామాన్ల వ్యాపారి దగ్గర ఒక డబ్బా మందు తెచ్చాడు.

సామ్రాజ్యం మూత తీసి చూసింది. పాత మందు తుంచిన చీపురు పుల్లల్లా ఉండేది. ఇది చేప పొలుసుల్లా పలచగా, గుండ్రంగా ఉంది. పాత డబ్బా అడుగున మిగిలింది చిటికెడు, ఇది చిటికెడు, పెంకు మీద విడివిడిగా పోసి నిప్పు తగిలించింది. పాతది నింపాదిగా మండింది. కొత్తది కళ్లు మూసి తెరిచేలోపల భగ్గుమని ఆరిపోయింది.

"ఇది గుద్దే మందయ్యా, వేటగాళ్లు చిన్న గుళ్లు వేసి కాల్చే రవ్వల తుపాకీల్లో పోసేది. డబ్బా మీద కాయితం గోకేసినారు చూడు. వాపసిచ్చిరా."

"రైఫిలు మందు లేదు, రెండూ ఒకటే, రవ్వంత తగ్గించి పోసుకో అన్నాడు కామాక్షయ్య."

"కామాక్షయ్య పేలుస్తాడా దాన్ని? నేను నింపను."

ఆ పూట ఇద్దరికీ పెద్ద రగడ అయింది. ఆమె డబ్బా ఎత్తి అటక మీద పెట్టేసింది. మర్నాడు ఆమె చెరువుకు బట్టలు తీసుకుపోయినప్పుడు జ్ఞానప్రకాశం దాన్ని దించాడు. వణికే చేతులతో తోటాలు తనే నింపుకున్నాడు.

తెల్లవారుజామున చేలో రైఫిలు పేలింది. ఎప్పుడూ వినే మోత కాదది. సామ్రాజ్యం పరుగెత్తేసరికి జ్ఞానప్రకాశం గట్టు మీద కూర్చుని ముఖం రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారుతోంది. తుపాకి, తోటా పెట్టే మర దగ్గర చీలిపోయి పక్కన పడుంది.

బండిలో గూడూరుకు, అక్కణ్ణుంచి బస్సులో నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. కుడికన్ను పోయింది. మంచం పక్కన నిలబడి సామ్రాజ్యం ఏడవలేదు.

"తెలియక చేసుంటే ఏడ్చేదాన్ని," అంది. "నాకు నేర్పిందే నువ్వు. అన్నీ తెలిసి, వాడెవడో ఎగతాళి చేసినాడని చేసినావు. ఇంక నాతో మాట్లాడబాక."

అటునుంచి అటే కామాక్షయ్య అంగడికి పోయి, గుమ్మంలో చతికిలబడింది. వచ్చినవాళ్లందరికీ ఒకటే మాట చెప్పింది. "ఈయన కాయితం గోకి ఇచ్చిన మందుతో నా మొగుడి కన్ను పోయింది."

కామాక్షయ్య మొదట దబాయించాడు. బేరాలు ఆగిపోయేసరికి లోపలికి పిలిచి, అసలైన రైఫిలు మందు డబ్బా ఒకటి ఆమె ముందు పెట్టాడు. "ఉంచుకో తల్లీ, ఊరికే ఇస్తున్నా. అల్లరి చేయబాక."

అదే మందు ఆరోజే ఇచ్చుంటే. అది తలుచుకునేసరికి ఆమె ఒళ్లు మండిపోయింది.

"అయితే ఉండీ లేదన్నావన్నమాట," అంది. "రంగు తీసుకురా. ఆ పొలుసు మందు డబ్బాలన్నిటి మీదా రైఫిలుకు పనికిరాదని రాయి. రాసిందాకా లేవను."

అంగట్లో ఉన్న వేటగాళ్లు కూడా రాయమన్నారు. కామాక్షయ్య తలొంచుకుని రాశాడు. ఆమె ఒక్కో డబ్బా కళ్లతో చూసి, ఊరికే ఇస్తానన్న డబ్బా అక్కడే వదిలేసి వచ్చింది.

లైసెన్సు రద్దయింది. పోలీసులొచ్చి విరిగిన రైఫిలు పట్టుకెళ్లారు. ఆ ఏడు చేలో పందులు వదిలిందే పంట. సామ్రాజ్యం భర్తకు వేళకు కట్టు మార్చేది, అన్నం పెట్టేది. మాట మాత్రం ఆడేది కాదు. ప్రాణం దక్కినందుకు కూడికలో లేచి దేవుడి మేలు గురించి సాక్ష్యం చెప్పమని పాస్టరుగారు అడిగితే, "దేవుడు కాపాడినాడు సరే, ఈయన ఏం చేసినాడో అడగండి," అని కూర్చుండిపోయింది.

వానలు పడ్డాక జయరామయ్య మళ్లీ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "పాడు మందు అంటగట్టినాడు, పాపం నువ్వేం చేస్తావులే," అన్నాడు ఓదార్పుగా.

"మందుదేముందన్నా," అన్నాడు జ్ఞానప్రకాశం. "మా ఇంటిది వద్దని చెప్పింది. కాల్చి చూపించింది. నీ ముందు మొగోణ్ణనిపించుకోవాలని దొంగతనంగా పోసుకున్నా. తప్పు నాది. నీది కూడా కొంత."

జయరామయ్య లేచి వెళ్లిపోయాడు. గుమ్మంలో చేట పట్టుకుని సామ్రాజ్యం అంతా విన్నది. కోపం పోలేదు. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు, అతనికి పెట్టిన గాజుకన్ను చూసినప్పుడల్లా ఆమెకు కోపమొచ్చేది.

"ఎండలో కూర్చోబాక," అంది. "లోపలికి రా, అన్నం తిందువు."

నెలల తర్వాత అతనితో అన్న మొదటి మాట అది.