రెక్కలు కుట్టిన చేయి

తెలంగాణ ఉద్యమంలో రైల్ రోకో జరిగిన రోజు మా రైలు స్టేషన్ ఘన్‌పూర్‌లో ఆగిపోయింది. ఎదురు సీట్లో ఒక ముసలాయన ఒళ్లో తెల్లగుడ్డ పెట్టుకుని, చీమలబారు లాంటి కుట్లతో అంచు కుడుతున్నాడు.

"దర్జీ పనా, బాపూ?"

"విమానాలకు కుట్టేటోణ్ణి బిడ్డా. తెల్లదొరల నాటి చిన్న విమానాల రెక్కలు గుడ్డవే. వేలుతోని కొడితే డప్పులెక్క మోగాలె. మోగేదాంక పైకి పోనియ్యకపోతుంటి."

"ఇది ఊరేగింపు బ్యానరా?"

ఆయన ఒక కొస నా చేతికిచ్చాడు. "జర గట్టిగ గుంజు."

మడతలు విప్పుకున్నాయి. ఎర్ర రంగుతో 'తెలంగాణ అమరుడు' అని, కింద ఒక పేరు.

"మా మనుమడు. మా ఊరు మానుకోటల మాపటికే పాడె ఎత్తుతరట. రైలు అందిస్తదో లేదో."

గుడ్డను వేలితో కొట్టి, చెవి దగ్గరపెట్టి విన్నాడు. మళ్లీ కొట్టాడు.

నేనెంత గుంజి పట్టినా అది మోగలేదు.