కొండ వయసు కోసం పెట్టిన కన్నాలు

ఆ రాతి మీద కన్నాలు మూడు. ఒక్కొక్కటి బొటనవేలు లావు, జానెడు లోతు. వాటిని తొలిచిన రోజు నేను అక్కడే ఉన్నాను. తొలవనిచ్చింది కూడా, నిజం చెప్పాలంటే, నా మాటే.

చాలా ఏళ్ళు మన్యం ఏజెన్సీలో దినపత్రిక విలేకరిగా తిరిగినవాణ్ణి. ఉద్యోగం వదిలేశాక కూడా అరకు దాటి లోపలికి వెళ్ళాలనుకునేవాళ్ళు దారి కోసం, మనుషుల కోసం నాకు ఫోన్ చేస్తూ ఉంటారు. ఒక చలికాలం యూనివర్సిటీ నుంచి ఒక మేడమ్ చేశారు. ఆవిడది భూగర్భశాస్త్రం. ఆవిడతో పాటు నక్షత్రాల ధూళి గురించి చదువుకున్న ఒకాయన, రాతి పగుళ్ళ చెమ్మలో బతికే సూక్ష్మజీవుల మీద పనిచేసే ఒక అమ్మాయి వచ్చారు. విశ్వం ఎలా మొదలైంది, ఆ ధూళి భూమిగా ఎలా గట్టిపడింది, అందులో ప్రాణం ఎక్కడ పుట్టింది అన్నది ముగ్గురూ కలిసి వెతుకుతున్నారు. తూర్పు కనుమల రాళ్ళు దేశంలోని చాలా పాతవాటిలో కొన్నట, వాటిలో ఇసుక రేణువుకన్నా చిన్న గింజలు ఆ రాయికన్నా పాతవట. జీపులో డుంబ్రిగుడ దాటేదాకా వాళ్ళు ఒకరి చదువు ఇంకొకరికి వివరించుకుంటూనే ఉన్నారు. తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే కాదని నాకు ధైర్యం వచ్చింది.

మేం వెళ్ళింది ముంచింగిపుట్టు అవతల, రోడ్డు వదిలి గంటన్నర నడవాల్సిన ఊరు. ముప్ఫై గడప ఉంటుంది. సామలు, చోళ్ళు పండిస్తారు. కాఫీ మొక్కలు కొద్దిగా ఉన్నాయి. ఊరి వెనక కొండ, కొండ నెత్తిన నల్లటి బోడిరాయి. మేడమ్‌కు కావలసింది ఆ రాయి.

డ్రిల్లింగ్ యంత్రం సంచీలోంచి బయటికి తీయగానే ఆడవాళ్ళు పనులు ఆపి నిలబడిపోయారు. మగవాళ్ళు దారికి అడ్డం వచ్చారు. ఎందుకో నాకు తెలుసు. వాళ్ళ చిన్నతనంలో పక్క కొండకు ఇలాగే కన్నాలు పెట్టి, పక్కన తెల్ల రంగుతో అంకెలు వేసి వెళ్ళారు. ఆ తర్వాత కొన్నేళ్ళకు బాక్సైట్ మాట వచ్చింది. ఊళ్ళు ఖాళీ చేయాలన్నారు. సభలు, ఊరేగింపులు, కేసులు అయ్యాయి. తవ్వకం ఆగింది గానీ భయం ఆగలేదు. ఆ కొండల్లో రాతికి కన్నం పడిందంటే ఊరు పోతుందనే అర్థం.

ఊరి పెద్దకు డెబ్భై దాటి ఉంటాయి. నా వార్తలు ఎప్పుడూ చదవలేదు, చదువు రాదు, కానీ ఆ సభల రోజుల్లో నేను రాసిన సంగతి ఆయనకు తెలుసు. నన్ను పక్కకు తీసుకెళ్ళాడు.

"ఆలు ఏటి సెప్పినా నాకక్కర్నేదు. నువ్వు సెప్పు. ఇది తవ్వకానికి కాదా?"

కాదన్నాను. భూమి పుట్టుక చదవడానికి అన్నాను.

"నీ మాటేనా, ఆల మాట నువ్వు సెప్తన్నావా?"

"నా మాటే."

అప్పుడాయన ఇంకో సంగతి చెప్పాడు. కొత్త సామలు కోసినప్పుడు మొదటి పిడికెడు దేవతకు పెట్టాకే ఊరు తింటుంది. ఆ పిడికెడు పెట్టేది, కొండ మీద చెయ్యేసి ఊరి తరఫున మాట ఇవ్వగల పెద్ద. ఆ మాట తప్పిపోతే అతని చేతి గింజ దేవత ముట్టదు. వాళ్ళ నాన్న పెట్టాడు, ఆ తర్వాత ఈయన పెడుతున్నాడు. ఇదంతా బెదిరింపుగా కాదు, వాతావరణం చెప్పినట్టు చెప్పాడు. నేను తల ఊపాను. విలేకరి తల ఊపడం ఎంత తేలికో ఇప్పుడు ఆలోచిస్తుంటే సిగ్గేస్తుంది.

ఆయన పైకెక్కి, ఊరంతా చూస్తుండగా రాతి మీద అరచెయ్యి ఆనించి వాళ్ళ భాషలో ఏదో అన్నాడు. దారి వదిలారు. యంత్రం చల్లబడడానికి ఆడవాళ్ళే బిందెలతో నీళ్ళు మోసి పోశారు. తెల్లటి పాలలాంటి రాతి పిండి జారుతుంటే, ఈ రాయి పుట్టినప్పటికి భూమ్మీద కాలున్నదీ ఆకున్నదీ ఏదీ లేదని మేడమ్ వివరించారు. నేను ఆయనకు మళ్ళీ చెప్పాను.

"అంత ముసిల్దా," అన్నాడు ఆయన. "అయితే కన్నం ఎట్టినా నొప్పి తెలీదులే."

అందరూ నవ్వారు. మేడమ్ కూడా. కొండ వయసు లెక్క తేలగానే వచ్చి చెప్తానని ఆయనకు మాటిచ్చాను. అదే రోజు రెండో మాట.

మరుసటి ఏడాది వానలకు ముందు వేరే మనుషులు వచ్చారు. చేతిలో జీపీఎస్ పెట్టె, రంగు డబ్బా ఉన్నాయట. నేరుగా ఆ రాతి దగ్గరికే వెళ్ళి మూడు కన్నాల పక్కన తెల్ల రంగుతో అంకె వేశారు. ఎవరని అడిగితే కొలతలకు వచ్చామన్నారట. ఊరు ఎవరినీ తిట్టలేదు. పెద్దాయన వైపు చూసిందంతే.

కబురు తెలిసి ఆఫీసులు తిరిగాను. మామూలు సర్వే అన్నారు. ఏ మామూలో చెప్పలేదు. మేడమ్‌కు ఫోన్ చేశాను. మేం ఎవరికీ ఏమీ ఇవ్వలేదు, కానీ మా పరిశోధన అచ్చయింది, రాళ్ళు తీసిన చోట్ల మ్యాపు అందులో ఉంది అన్నారు. ఆ మ్యాపు చూసే వచ్చారా అని అడిగాను.

"తెలీదండి. రాలేదని కూడా చెప్పలేను. అచ్చయ్యాక అది అందరిదీ."

ఆవిణ్ణి తప్పు పట్టలేకపోయాను. నేను బతికిందీ అచ్చు మీదే.

సామలు కోతకొచ్చాక ఊరికి వెళ్ళాను. ఆ ఏడు మొదటి పిడికెడు వేరే ఆయన పెట్టాడు. పెద్దాయనను ఎవరూ వెళ్ళగొట్టలేదు, జరిమానా వేయలేదు. అరుగు మీద కూర్చుని ఉంటే పలకరించి పోతున్నారు. కానీ పండగ సాగుతున్నంతసేపూ ఆయన తన అరుగు దాటి రాలేదు. ఊళ్ళోవాళ్ళందరినీ పోగుచేసి, ఆ అంకెకూ ఈ కన్నాలకూ సంబంధం ఉన్నట్టు రుజువేమీ లేదని చెప్తానన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"ఒకసారి మాటిచ్చీసినావు బాబూ. ఇంకోటి ఎక్కడ్నించి తెత్తావు?"

తర్వాత ఆయనే అడిగాడు. "ఇంతకీ కొండకి ఎన్నేళ్ళంట?"

వందల కోట్ల ఏళ్ళన్నాను. పుట్టుక లెక్క తెలిసినవాళ్ళకు ఇంకెన్నాళ్ళుంటుందో కూడా తెలుసా అని అడిగాడు. తెలీదన్నాను.

ఆ తర్వాతి సంగతి ఆయన భార్య చెబితే తెలిసింది. ఆయన రోజూ పొద్దున్నే పొలం గట్టు నుంచి జిగట మట్టి ముద్ద తీసుకుని కొండెక్కేవాడట. మూడు కన్నాలూ మట్టితో పూడ్చి, పైన నాచు అద్ది, రాయి రంగులో కలిసేలా నిమిరేవాడట. తెల్ల అంకెను చోళ్ళు నూరే రాతితో రుద్దేవాడట. కన్నాలు కనపడకపోతే మళ్ళీ ఎవరైనా వచ్చినా ఇది కాదేమోనని పోతారని ఆయన ఆశ. వాన పడితే మట్టి కరిగిపోయేది. మళ్ళీ ఎక్కేవాడు. ఊళ్ళో కొందరు నవ్వేవారు. ఒకరిద్దరు జాలిపడి మట్టి అందించేవారు.

మొన్నటి వానల్లో జారిపడ్డాడు. తుంటి విరిగింది. డోలీలో రోడ్డుదాకా మోశారు. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన పదో రోజుకి పోయాడు.

నేను వెళ్ళేసరికి అన్నీ అయిపోయాయి. ఒక్కణ్ణే కొండెక్కాను. రెండు కన్నాల్లో మట్టి ఇంకా ఉంది. మూడోది ఖాళీగా, నిండా వాన నీళ్ళతో ఉంది. అంకెలో సగం చెరిగి, సగం మిగిలింది. రాతి మొదట్లో ఒక మట్టి ముద్ద ఎండిపోయి, వేళ్ళ గుర్తులతో పడి ఉంది. తీసి మూడో కన్నంలో పెడదామని వంగాను. పెట్టలేకపోయాను. ఏ హక్కుతో పెట్టను?

దిగివస్తుంటే ఆయన భార్య గుమ్మంలో చోళ్ళు చెరుగుతోంది. నా వైపు చూడకుండానే అంది.

"నువ్వు సెడ్డోడివి కాదు బాబూ, నాకు తెలుసు. కానీ ఇంక మా ఊరి పేరు ఎక్కడా రాయకు. మంచికీ రాయకు."

ఊరి పేరుతో మొదలుపెట్టకుండా నేను ఉద్యోగంలో ఒక్క వార్తా రాయలేదు. ఇది మొదటిసారి.