హిస్టరీ చదివిన డాక్టరమ్మ

అమెరికాలోని ట్రాయ్‌లో మా ఎదురింటి అమ్మాయికి ఎవరేం చెప్పినా "అంతకుముందు ఏమైంది ఆంటీ?" అని అడిగే అలవాటు. ఇక్కడ మెడికల్ స్కూల్‌కి ముందు ఏదో ఒక డిగ్రీ చెయ్యాలి; తను డాక్టర్ అవుతానంటూనే కాలేజీలో హిస్టరీని మెయిన్ సబ్జెక్టుగా తీసుకుంది. వాళ్ళ నాన్న వారం రోజులు ముఖం చిన్నబుచ్చుకుని తిరిగాడు. "కావాల్సిన సైన్స్ క్లాసులు కూడా చేస్తాను డాడీ" అని చెప్పి, అన్నట్టే రెండూ చదివింది.

మొదటిసారి మెడికల్ స్కూల్లో సీటు రాలేదు. ఇంట్లో మళ్ళీ అదే గొడవ. మరుసటి ఏడు ఇంటర్వ్యూలో "హిస్టరీ ఎందుకు?" అని అడిగారట. "పాతకాలం వాళ్ళ ఉత్తరాలు చదివీ చదివీ, మనిషి చెప్పేది ఓపిగ్గా వినడం నేర్చుకున్నాను" అందట. సీటొచ్చింది.

మొన్న మా ఇంట్లో భోజనాల దగ్గర ఒకావిడ, తన కొడుకు బయాలజీ వద్దంటున్నాడని దిగులుపడింది. "హిస్టరీలో చేర్పించండి, మంచి డాక్టరవుతాడు" అన్నాడు మా ఎదురింటి అమ్మాయి వాళ్ళ నాన్న. ఆ పిల్ల నావైపు చూసి నవ్వాపుకుంది.