ఆగిపోయిన కిస్తు

మా ఇంటి మొత్తానికి లెక్క తెలిసిన మనిషిని నేనే అని అందరి నమ్మకం. కరీంనగర్‌లో ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పేదాన్ని. బారువడ్డీ, చక్రవడ్డీ, లాభనష్టాలు నల్లబల్ల మీద రాసి పిల్లల చేత వల్లె వేయించేదాన్ని. సిరిసిల్లలో ఉండే మా అక్కకు చదువు రాదు. బావ మగ్గం నేసేవాడు, సంతకం వరకే వచ్చు. అందుకని వాళ్లింటికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే చేరేది.

వాళ్లు బీమా తీసుకున్న రోజు నేనూ అక్కడే ఉన్నాను. దసరా సెలవులు. బీమా ఏజెంటు సైకిలు గోడకు ఆనించి వచ్చి మగ్గం పక్కన పీట మీద కూర్చున్నాడు. బావ కాళ్లు మగ్గం గుంటలోనే ఉంచి, పోగు నడిపే నాడె ఆపి విన్నాడు.

"ఇరవై ఏండ్లు కడితె నీ పైసలు నీకే వస్తయన్నా. నడుమ ఏమన్న అయిందనుకో, ఒక్క కిస్తు కట్టినా సరే, వదినెకు వెయ్యి రూపాయలు ఇస్తరు."

"అంటె నేను సచ్చినంకనే నాకు ధర పలుకుతదన్నట్టు!" అని నవ్వాడు బావ.

"పండుగపూట గా మాటలేంది?" అని అక్క కసిరింది.

ఏజెంటు నా వైపు తిరిగి, "పంతులమ్మా, జర మీరే సమజ్ చెయ్యుండ్రి" అన్నాడు. నేను ఉత్సాహంగా మొదలుపెట్టాను. ప్రీమియం అంటే మూడు నెలలకోసారి కట్టే కిస్తు అని చెప్పాను. పాలసీ అంటే ఒప్పందం కాగితం. నామినీ అంటే, బావ లేని నాడు ఆ డబ్బు ఎవరి చేతికి ఇవ్వాలో ముందే రాసిపెట్టే పేరు.

"ఎవల పేరు రాస్తరు?" అంది అక్క.

"నీ పేరే."

ఇల్లు అక్క మామ పేరు మీద ఉండేది. మగ్గం బావది. అక్క పేరు అప్పటిదాకా ఏ కాగితంలోనూ ఎక్కలేదు. ఏజెంటు రాస్తుంటే ఆమె వంగి ఆ అక్షరాలనే చూసింది. "గిదేనా నా పేరు?" అని రెండుసార్లు అడిగింది.

కిస్తు పదమూడు రూపాయలు. తొమ్మిది కిస్తులు తప్పకుండా కట్టారు. బియ్యం తగ్గించుకున్నారేమో, అప్పు తెచ్చారేమో నాకు తెలియదు. పదో కిస్తు నాటికి నూలు ధర పెరిగింది. నూలు ఇచ్చి బట్ట తీసుకునే సావుకారు ఇవ్వడం మానేశాడు. మగ్గం నిలిచిపోయింది. పక్కింటి అమ్మాయి చేత అక్క నాకు కార్డు రాయించింది. "చెల్లె, గీసారి కిస్తు కట్టుడు మాతోని కాదు. ఒక్కటి ఆగితె ఏమన్న అయితదా? జర చూసి రాయి."

పాలసీ కాగితం నా పెట్టెలోనే ఉంది. అంతా ఇంగ్లీషు, చిన్న అక్షరాలు. బీమా ఆఫీసు మా ఊళ్లోనే, బస్‌స్టాండు దాటితే వస్తుంది. వెళ్లి అడగవచ్చు. పరీక్ష పేపర్లు దిద్దే పనిలో ఉండి వెళ్లలేదు. కార్డు తీసుకుని వెంటనే రాసేశాను: "ఏం కాదు, ఫికర్ పడకు. తర్వాత వడ్డీ కలిపి కట్టవచ్చు." పన్నుకైనా, సొసైటీ అప్పుకైనా అంతే కదా అనుకున్నాను.

ఆ పదమూడు రూపాయలు నేనే పంపవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. నా జీతం ఒకటో తారీఖున మా అత్త చేతిలో పడేది. బస్సు కిరాయికి కూడా ఆమెనే అడిగేదాన్ని.

రెండు నెలలు దాటాక బావకు కామెర్లు వచ్చాయి. పసరు పోశారు, పథ్యం పెట్టారు. కరీంనగర్ ఆసుపత్రికి తెచ్చేసరికి కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి. నాలుగో రోజు పోయాడు.

పదిహేను రోజుల తర్వాత పాలసీ పట్టుకుని బీమా ఆఫీసుకు వెళ్లాను. గుమాస్తా పెద్దమనిషి. నన్ను కూర్చోబెట్టి నీళ్లు ఇప్పించాడు. రిజిస్టరు తిప్పి చాలాసేపు చూశాడు.

"ల్యాప్స్ అయిందమ్మా" అన్నాడు.

"అంటే?"

"గడువు తేదీ దాటినంక ఒక్క నెల చూస్తం. గప్పటికీ కట్టకుంటె పాలసీ పడిపోతది. ఇగ దాని మీద ఏం రాదు."

"వడ్డీతో కట్టవచ్చు అనుకున్నానండీ. ఇప్పుడు కడతాను."

"మీరు అనుకున్నది తప్పు గాదు. వడ్డీతోని కడితె మళ్ల లేస్తది. గని మనిషి ఉండాలె గదమ్మా."

కట్టిన డబ్బైనా తిరిగి ఇవ్వరా అని అడిగాను. మూడేళ్లు నిండితే కొంత వచ్చేదన్నాడు. మూడేళ్లంటే పన్నెండు కిస్తులు. మావి తొమ్మిది. ఆయన తప్పు ఏమీ లేదు. పోట్లాడదామన్నా ఎవరితో పోట్లాడాలో తెలియలేదు.

సిరిసిల్ల వెళ్లి అక్కకు చెప్పాను. మగ్గం మీద సగం నేసిన బట్ట ఇంకా అలాగే ఉంది.

"మరి మనం కట్టిన పైసలు?"

"రావు అక్కా."

"ఎవలు తీస్కుండ్రు?"

"ఎవలూ తీసుకోలే."

"ఎవలూ తీసుకోకుంటె యాడికి పోయినయి చెల్లె?"

బడిలో ఏ పిల్లయినా అడిగితే చెప్పగలను. బీమా అంటే అందరూ కలిపి వేసిన డబ్బు, ఆ ఏడు ఎవరింట్లో చావు జరిగితే వాళ్లకు అందులోంచి వెళుతుంది అని. అక్కకు చెప్పలేకపోయాను. దానికి బదులు ధైర్యం చేసి అన్నాను. "ఏం కాదని కార్డు రాసింది నేనే అక్కా."

"నాకు ఎర్కే" అంది. "నువ్వు కట్టుమన్నా కట్టకపోదుము. పైసలెక్కడియి?"

అది నిజమో, నా కోసం అన్న మాటో ఇప్పటికీ తెలియదు.

నెల మాసికం కాగానే మగ్గం అమ్మేశారు. అక్క బీడీలు చేయడం నేర్చుకుంది. తొమ్మిదేళ్ల కూతుర్ని బడి మాన్పించింది. "నాతో పంపు, నేను చదివిస్త" అన్నాను.

"మీ అత్తను అడిగినవా?"

అడగలేదు. కరీంనగర్ వచ్చాక అడిగాను. "ఇప్పటికే ఇంట్ల ఏడుగురం తింటున్నం" అంది అత్త. మా ఆయన పేపరు చదువుకుంటున్నాడు, తల ఎత్తలేదు. మరోసారి అడిగితే అత్త లేచి పెరట్లోకి వెళ్లిపోయింది.

ఆ ఎండాకాలం సెలవుల్లో నేను వెళ్లేసరికి అక్క ఆకు కత్తిరిస్తోంది. పిల్ల గడపలో కూర్చుని బీడీల మూతులు గోటితో మడుస్తోంది. చాలా వేగం వచ్చేసింది దాని చేతికి.

"చిన్నమ్మా, నువ్వు గూడ చేస్తవా?" అని నాకో ఆకు ఇచ్చింది. చుట్టబోతే చిరిగిపోయింది. పిల్ల నవ్వి, "ఏం గాదు" అంటూ చాటలోంచి ఇంకోటి తీసి ఇచ్చింది.