బల్లి పంతులు

ఆ రోజుల్లో నాకు భయం వేయని వస్తువు ఇంట్లో ఏదైనా ఉండేదా అని ఆలోచిస్తే, ఒక్క దిండు మాత్రమే గుర్తొస్తోంది. కుక్కర్ కూతంటే భయం, ఎస్కలేటరంటే భయం, తెలియని నంబరు నుంచి ఫోనొస్తే భయం. వీటన్నిటికీ పెద్దక్క బల్లి. గోడ మీద బల్లి ఉంటే నేను ఆ గదిలో ఉండేదాన్ని కాదు. ఉన్న బల్లి కనబడకుండా పోతే ఇక ఆ ఇంట్లోనే ఉండలేకపోయేదాన్ని (కనబడే బల్లి కన్నా కనబడని బల్లి ప్రమాదమని నాలాంటి వాళ్లందరికీ తెలుసు). అలాంటి మనిషి ఏరి కోరి బల్లుల మీదే బ్లాగు పెట్టి సంపాదిద్దామనుకుందంటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. అసలు ఆ ఆలోచన నాది కాదు, ఫోన్‌లో పాఠాలు చెప్పే ఒక గడ్డం కుర్రాడిది. ఏదో ఒక చిన్న విషయం పట్టుకుని దాని మీదే బ్లాగు రాయాలనీ, అందులో ఫలానా వస్తువు మంచిదని చెప్పి ఆన్‌లైన్ అంగడికి లింకు ఇవ్వాలనీ, చదివినవాళ్లు ఆ లింకు నొక్కి వస్తువు కొంటే అంగడివాళ్లు మనకి కాస్త కమీషన్ ఇస్తారనీ, దీన్నే అఫిలియేట్ మార్కెటింగ్ అంటారనీ వివరించాడు. ఇంజనీరింగ్ అయిపోయి, ఇంటర్వ్యూ అన్న మాట వింటేనే నోరెండిపోయి ఇంట్లో కూర్చున్న నాకు, ఎవరి మొహమూ చూడకుండా చేసుకునే ఈ పని దేవుడు నా కోసమే పుట్టించాడనిపించింది. "మీకు బాగా తెలిసిన విషయాన్నే ఎంచుకోండి" అన్నాడా కుర్రాడు. నాకు బాగా తెలిసింది బల్లి భయమే.

మేం అప్పటికి ఎల్బీనగర్‌లో ఒక ఇంటి కింది వాటాలో కిరాయికి ఉండేవాళ్లం. నాన్న దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల కొట్లో లెక్కలు చూసేవారు. నా ప్రణాళికంతా శ్రద్ధగా విని, కళ్లజోడు తీసి తుడుచుకుని, "సరే, దసరా దాకా చూడు. ఒక్కటంటే ఒక్క వస్తువు అమ్ముడైందని చూపించు, ఆ తర్వాత నీ ఇష్టం. లేదంటే సైదాబాద్‌లో మావాడి ట్యూషన్ సెంటర్లో తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుదువుగాని" అన్నారు. తొమ్మిదో తరగతి మగపిల్లలు! గది నిండా! బల్లులు కనీసం వెనక నుంచి పేర్లు పెట్టి పిలవవు. ఆ భయంతోనే బ్లాగు చకచకా లేచింది. బల్లుల్ని చంపకుండా ఇంట్లోంచి సాగనంపే ఉపాయాలు రాసి, వాటి కింద ఒక స్ప్రే మందుకి లింకు పెట్టాను. పైన ఫొటో కావాలి కదా. మేడ మీద ఇంటి ఓనరాంటీ ఉండే వాటాకి వెళ్లే మెట్ల పక్కన పచ్చరంగు గోడ ఒకటుంది. దాని మీద వాళ్లబ్బాయి చిన్నప్పుడెప్పుడో మేకుతో గీసిన బస్సు బొమ్మ. ఆ బస్సు టాపు మీద ఎప్పుడూ ఒక లావుపాటి బల్లి కూర్చుని ఉండేది. గేటు అవతల రోడ్డు మీద నిలబడి, జూమ్ చేసి తీశాను.

జనం రావడం మొదలైంది. వచ్చినవాళ్లెవరూ మందు గురించి అడగలేదు. "మేడమ్, ఎడమ భుజం మీద పడింది, ఏమవుతుంది?" అని ఒకరు. "మా మామగారి బట్టతల మీద పడి అక్కణ్నుంచి జారి ఒళ్లో పడింది, తల ఫలితం చూసుకోవాలా, ఒడి ఫలితమా?" అని ఇంకొకరు. ఏం చేస్తాను, అమ్మ పూజగదిలోని క్యాలెండర్ వెనక్కి తిప్పి, ఏ అవయవం మీద పడితే ఏ ఫలితమో మొత్తం ఎక్కించాను. దాంతో ఊరంతా నా బ్లాగు మీద పడింది. నన్ను పంతులుగారూ అని పిలవసాగారు. దండాలు పెట్టారు, జాతకాలు అడిగారు, మందు మాత్రం ఎవరూ కొనలేదు. బల్లిని ఇంట్లోంచి పంపించాలన్న కోరిక ఒక్కరికీ లేదు, అది ఏం చెబుదామని పడిందో తెలుసుకోవాలన్న ఆత్రమే అందరికీ. దసరా దగ్గరపడుతోంది. నాకు కలలో తొమ్మిదో తరగతి వస్తోంది.

అలా ఉండగా ఒక పొద్దున ఓనరాంటీ తలారా స్నానం చేసి, జుట్టుకి తువ్వాలు చుట్టుకుని, గోడ పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. నల్గొండ వైపు మనిషి. భర్త లేడు, కొడుకు హయత్‌నగర్ డిపోలో డ్రైవరు. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరి, ఆ మధ్య వానల్లో మెట్టు కనబడక జారిపడింది కూడా. ఇంకా ఆలస్యం చేస్తే చూపు దక్కడం కష్టమని డాక్టరు గట్టిగా చెబితే, ఎలాగో ఒప్పుకుంది. మర్నాడే మొదటి కంటికి ఆపరేషన్.

"చెల్లె, నేను ఆపరేషన్‌కు పోతలేను" అంది అమ్మతో, గుమ్మంలోనే కూలబడి.

"అదేంటక్కయ్యా! అంతా సిద్ధం చేసుకుని ఇప్పుడిలా అంటారేంటి?"

"నెత్తి మీద బల్లి పడ్డది. ఫోన్‌ను అడిగిన. ఎవరో పెద్ద పంతులు రాసిండు, నెత్తి మీద పడితే మరణ భయమట. రేపు నన్ను బల్ల మీద పండవెట్టి కంట్ల కత్తి వెడతరు, ఇయ్యాల బల్లి పడె. ఇగ చెప్పేదేమున్నది?" అని ఫోను మా ముందు పెట్టి మళ్లీ నొక్కింది. అందులోంచి ఒక ఆడగొంతు, ఏ జాలీ లేకుండా, చదవడం మొదలుపెట్టింది. నా వాక్యాలే. (అమ్మకి నా బ్లాగు ఏదో బల్లుల మందు గురించని మాత్రమే తెలుసు. పంతులు సంగతి తెలియదు.)

అమ్మ మాత్రం తొణకలేదు. "దీనికి ఇంత బెంగెందుకండీ? కంచిలో బంగారు బల్లిని ముట్టుకున్నవాళ్లకి బల్లి దోషం అంటదు కదా. వాళ్లని ముట్టుకున్నవాళ్లకీ అంటదు. మా అమ్మాయి చిన్నప్పుడు ముట్టుకుంది. వాళ్ల నాన్న ఎత్తుకుని ముట్టించారు" అని నా చెయ్యి పట్టి ముందుకి లాగింది. ఓనరాంటీ ఆ చెయ్యి అందుకుని రెండు కళ్లకీ అద్దుకుంది. "అయితే రేపు నువ్వు నాతోని రావాలె బిడ్డా. థియేటర్ దర్వాజ దాక ఈ చెయ్యి ఇడవద్దు. జర ఆగు, గా పంతులు ఏమంటడో గది గూడ చూస్త" అంది. నేను ఒక్క గంతులో వంటింట్లోకి పోయి, ఫ్రిజ్ పక్కన నక్కి, నా ఫోన్లో బ్లాగు తెరిచి కంచి బల్లి ముక్క కింద చేర్చేశాను. ఆంటీ మళ్లీ అడిగింది. ఆ ఆడగొంతు ఈసారి కంచి గురించి కూడా చదివింది. "చూసినవా చెల్లె, పంతులు గూడ గదే అన్నడు! ఇందాక ఈ ముక్క చదవలే. దీనికి గూడ నా లెక్కనే మసకలు వచ్చినట్టున్నయి" అని ఫోనుని తిట్టి, తేలికపడి మేడెక్కింది.

అసలు భయం నాకు అప్పుడు మొదలైంది. ఎందుకంటే కంచి బల్లిని నేను ముట్టుకోలేదు. నాన్న నన్ను ఎత్తుకుని మెట్లెక్కి పైకి లేపిన మాట నిజమే. నేను కళ్లు గట్టిగా మూసుకుని, పిడికిలి బిగించి, మొహం ఆయన మెడలో దాచుకున్నాను. వెనక జనం తోస్తుంటే దిగిపోయాం. "ముట్టుకున్నావా?" అని నాన్న అడిగితే, లేదంటే మళ్లీ ఎక్కిస్తారని తల ఊపాను. అమ్మ మోకాళ్ల నొప్పితో ఆ రోజు పైకే రాలేదు. నాన్న ముట్టుకున్నారు గానీ, ఆంటీ ఆయన చెయ్యి పట్టుకుని దవాఖానకి వెళ్లలేదు కదా. ఇప్పుడు నిజం చెబితే ఆంటీ ఆపరేషన్ మానేస్తుంది, చూపు పోతుంది. చెప్పకపోతే ఏ శక్తీ లేని ఉత్త చెయ్యి పట్టుకుని లోపలికి వెళుతుంది. అక్కడ ఏమన్నా అయితే? బల్లి శాస్త్రం మీద నాకు అంత నమ్మకం లేదు. కానీ ఆ పేజీ రాసింది నేనే అయినా, దాన్ని ఆ ఆడగొంతులో విన్నాక నాకూ వణుకు పట్టుకుంది.

మర్నాడు కొడుకుకి విజయవాడ డ్యూటీ పడింది. ఆపరేషన్ అయ్యేసరికి నేరుగా దవాఖానకే వస్తానన్నాడు. ఆంటీ, నేను మెట్రోలో బయల్దేరాం. స్టేషన్లో ఎస్కలేటర్ ముందు నేను ఆగిపోయాను. ముందుకు వెళుతున్న మెట్లని చూస్తూ, ఏ మెట్టు మీద కాలు పెట్టాలో తెలియక, వెనకవాళ్లకి దారిస్తూ నిలబడ్డాను. "ఏంది బిడ్డా, ఆగినవ్? పా!" అని ఒక్క లాగు లాగింది. చూపు ఆనని మనిషి నన్ను ఎస్కలేటర్ ఎక్కించింది. దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి, దవాఖాన చేరి, కంట్లో చుక్కలు వేసి కూర్చోబెట్టినప్పుడు కూడా నా చెయ్యి వదల్లేదు. నా అరచెయ్యి చెమటకి జారిపోతుంటే చీర కొంగుతో తుడిచి మళ్లీ పట్టుకునేది. థియేటర్ తలుపు దగ్గర నర్సు ఆ రెండు చేతుల్నీ విడదీస్తూ, "ఆపరేషన్ ఎవరికమ్మా? పెద్దామెకా, నీకా?" అంది.

తలుపు మూసుకుంది. నేను బయట బెంచీ మీద కూర్చుని, తెలిసిన దేవుళ్లందరినీ పేరు పేరునా పిలిచాను. పైకి చూద్దును కదా, ట్యూబులైటు పక్క నుంచి ఒక తోక. ఇంకెప్పుడైనా అయితే మెయిన్ రోడ్డు దాకా పరిగెత్తేదాన్ని. కానీ నేను లేనప్పుడు తలుపు తీసి ఆంటీని బయటికి తెస్తే, ఆమె పిలిచినా పలికేవాళ్లుండరు. కాళ్లు బెంచీ మీదికి తీసుకుని, బ్యాగు నెత్తిన పెట్టుకుని, ఆ తోకని చూస్తూ కూర్చున్నాను. ఎదుటి బెంచీలోని ముసలాయన నన్ను పిచ్చిదాన్నని నిశ్చయించుకుని పక్కకి జరిగాడు. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. తలుపు తెరుచుకుని, కంటికి కట్టుతో ఆంటీ బయటికొచ్చి, "యాడున్నవ్ బిడ్డా?" అంది. బ్యాగు కింద పడేసి ఏడ్చేశాను.

సాయంత్రానికి కొడుకొచ్చి ఆమె దగ్గరున్నాడు. మర్నాడు కట్టు విప్పారు. కొడుకు ఆమెని ఆటోలో తీసుకొచ్చి గేటు దగ్గర దింపాడు. నల్ల కళ్లజోడు కింద నుంచి అన్నిటినీ చూసుకుంటూ మెట్ల దాకా వచ్చింది. ఆ తర్వాత వినిపించిన కేకకి మా వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి.

"అవ్వో! గిన్ని బల్లులా! నా ఇంట్లనా?"

ఇన్నేళ్లుగా అవి అక్కడే ఉన్నాయి. పాపం, ఆమెకి కనబడలేదంతే. సాయంత్రం నన్ను మేడ మీదికి పిలిచింది. చేతిలో ఫోను, తెర మీద నా బ్లాగు. పంతులు బల్లులకేదో మందు కూడా చెప్పాడేమోనని తెరిచిందట. ఈసారి ఫోను చేత చదివించుకోలేదు, తనే చూసింది.

"గీ బస్సు మావోడు గీసిందే గదా? గీ గోడ మాదే గదా?"

ఇల్లు ఖాళీ చేయమంటుందని తేలిపోయింది. నోటికి తాళం పడాల్సింది పోయి, నాకు భయంలో అన్నీ వరసగా బయటికొచ్చేస్తాయి. పంతులు నేనేనని చెప్పాను. కంచి ముక్క ఫ్రిజ్ పక్కన రాశానని చెప్పాను. అక్కడితో ఆగక, కంచి బల్లిని ముట్టుకోలేదనీ, పిడికిలి తెరవనే లేదనీ కూడా చెప్పేశాను.

ఆంటీ నల్ల కళ్లజోడు పైకెత్తి నా మొహంలోకి చూసింది. నన్ను అంత స్పష్టంగా చూడడం ఆమెకి అదే మొదటిసారి.

"కంచి బల్లి సంగతి నాకేం ఎరుక బిడ్డా. నీ చెయ్యి గట్ల గడగడ వణుకుతుంటే, అయ్యో పిల్ల భయపడుతుందని నిన్ను సముదాయించుకుంటనే లోపలికి పోయిన. నాది నేను భయపడుడే మర్చిపోయిన" అంది. తర్వాత ఫోను నా చేతిలో పెట్టి, "ఇగ గా మందు యాడ నొక్కాల్నో చూపెట్టు, పంతులూ" అంది.

అదే నా మొదటి అమ్మకం. వచ్చిన కమీషన్‌తో ఆంటీతో సహా నలుగురం కలిసి మిర్చి బజ్జీలు తినాలంటే ఎవరో ఒకరు మానుకోవాల్సి వచ్చేది. నాన్న మాత్రం మాట మీద నిలబడి, తొమ్మిదో తరగతిని రద్దు చేశారు. మందు కూడా బ్రహ్మాండంగా పనిచేసింది. వారం తిరగకుండా మేడ మీది బల్లులన్నీ మెట్లు దిగి మా వాటాలోకి వచ్చేశాయి.

ఆ బ్లాగు ఇప్పుడు లేదు. వంటింటి సామాన్ల మీద రాసుకుంటూ, ఎవరి మొహమూ చూడకుండానే నాలుగు డబ్బులు సంపాదించుకుంటున్నాను. ఎల్బీనగర్ వెళ్లినప్పుడల్లా ఓనరాంటీ మేడ మీద నుంచే గుర్తుపట్టి, "పంతులొచ్చింది!" అని వీధికంతా వినబడేలా కేకేస్తుంది. ధైర్యం సంగతంటారా, ఏదో పెద్దదాన్నయ్యాను, ఇప్పుడేం భయం లేదు అని ఇక్కడ రాస్తుండగానే వెనక గోడ మీద బల్లి టక్కుమంది. బల్లి పలికితే సత్యం అనాలట. కాళ్లు కుర్చీ మీదికి తీసుకుని, భయం లేదన్న ఆ ముక్క కొట్టేశాను.