నూనె తిప్పిన స్టీరింగు

మొన్న కర్నూలులో మా మనవరాలు తన కొత్త కారులో నన్నూ మా ఆయననూ బజారుకు తీసుకెళ్లింది. ఇరుకు సందులో కారు మళ్లించాల్సి వస్తే, ఆ పిల్ల ఒక్క అరచేత్తో స్టీరింగు గిరగిరా తిప్పేసి, రెండో చేత్తో జుట్టు సర్దుకుంది. పక్కన కూర్చున్న నాకు నందికొట్కూరులో మేము కాపురమున్న రోజులు మనసులో మెదిలాయి.

మన వయసు వాళ్లకు పాత జీపుల సంగతి చెప్పనక్కర్లేదు. నేను బడిలో పాఠాలు చెబుతుంటే మా ఆయన సొంత జీపును బాడుగకు తోలేవారు. నిలబడిన జీపు స్టీరింగు తిప్పాలంటే ఒంట్లో బలమంతా భుజాల్లోకి తెచ్చుకోవాలి. అయితే ఆ బరువులోనే ఆయనకు దారి తెలిసేది. టైరులో గాలి తగ్గినా, కంకర పోయి ఇసుక వచ్చినా, కళ్లకంటే ముందు అరచేతులకే తెలుస్తుందని కాస్త గర్వంగానే చెప్పుకునేవారు.

అట్లాంటి మనిషి ఒకనాడు మిద్దె మెట్ల మీద జారిపడి ఎడమ భుజం విరగ్గొట్టుకున్నారు. ఎముక అతుక్కుంది గానీ చేతికి బలం రాలేదు, జీపు అమ్మక తప్పలేదు. ఆ తర్వాత ఆయన పొద్దస్తమానం వాకిట్లో కూర్చొని, వీధిలో పోయే బండ్ల చప్పుడు వింటూ ఉండేవారు. అన్నం దగ్గర కూడా మాట తగ్గిపోయింది. నేను బడిలో ఉన్నానన్న మాటే గానీ, మనసంతా ఇంటి దగ్గరే ఉండేది.

ఆయనకు చిన్ననాటి స్నేహితుడొకాయన ఉండేవాడు, మెకానిక్. మేమంతా భాయి అనే పిలిచేవాళ్లం. తన షెడ్డుకు పవర్ స్టీరింగు ఉన్న పాత కారొకటి అమ్మకానికి వస్తే, మా ఇద్దరినీ పిలిపించి ఆయనను అందులో కూర్చోబెట్టాడు. ఇంజను తిరిగేటప్పుడు బెల్టు ఒక పంపును తిప్పుతుందనీ, పంపు నూనెను ఒత్తిడితో నెడుతుందనీ, మనం ఏ పక్కకు తిప్పితే నూనె కూడా చక్రాలను ఆ పక్కకే తోస్తుందనీ వివరించాడు.

“నువ్వు సగం తిప్పితే శాలు గదప్పా, తక్కిన సగం నూనె తిప్పుతాది,” అన్నాడు.

మా ఆయన షెడ్డు వెనక ఉన్న మైదానం చుట్టూ తోలి వచ్చారు. ముఖంలో సంతోషం లేదు.

“బండి శానా బాగుండాది. కింద రోడ్డుండాదో లేదో చేతికే తెలీకుండా ఉండాది,” అన్నారు.

ఆయనకు గుచ్చుకున్నది నూనె కాదనీ, ఆ ‘సగం’ అన్న మాటేననీ నాకు ఇంటికి వచ్చాక అర్థమైంది. ఇన్నాళ్లూ అంగీ గుండీలు నేనే పెడుతున్నాను కదా, అంతమాత్రాన అంగీ ఆయనది కాకుండా పోయిందా అని అడిగాను. చాలా రోజుల తర్వాత ఆయన నవ్వారు. కారు మా వాకిట్లోకి వచ్చింది.

కొన్నాళ్లకు ఆత్మకూరులో పెళ్లి చూసుకొని మేమిద్దరమే తిరిగి వస్తున్నాము. మిట్టమధ్యాహ్నం, ముందు మలుపు, ఆ మలుపులోనే రోడ్డుకు అడ్డంగా గొర్రెల మంద. సరిగ్గా అప్పుడే బానెట్ కింద ఏదో ఫట్టుమని తెగింది, స్టీరింగు రాయిలా బిగిసిపోయింది. ఆయన బ్రేకు తొక్కుతూ కుడిచేత్తో లాగుతున్నారు, ఎడమచేతికి బలం చాలడం లేదు, బండి మాత్రం తిన్నగా మంద మీదికే పోతోంది. నేను ఆలోచించలేదు. పక్కకు వంగి రెండు చేతులా స్టీరింగు పట్టుకొని, ఆయన లాగుతున్న వైపే లాగాను. కారు మెల్లగా మళ్లి, రోడ్డు దిగి, తుమ్మచెట్ల దగ్గర ఆగింది. గొర్రెల కాపరి పరుగున వచ్చి, మాకేమీ కాలేదని చూసుకొని, తాగడానికి నీళ్లిచ్చి పోయాడు.

ఆయన చాలాసేపు స్టీరింగు వదల్లేదు. తర్వాత నెమ్మదిగా, “నువ్వు చెయ్యెయ్యకపోతే మళ్లేది గాదు,” అన్నారు. నాకు అప్పుడు ఏడుపొచ్చింది.

తెగింది పంపు బెల్టేనని ఆయన చూసి చెప్పారు. నూనె తోడు లేకపోతే ఆ స్టీరింగు జీపుకన్నా మొండిదట. ఊరు చేరేదాకా నెమ్మదిగా తోలుతూ, మలుపు వచ్చినప్పుడల్లా నా వైపు చూసేవారు, నేను చెయ్యి వేసేదాన్ని. ఆ దారిలో మేము మాట్లాడుకున్నన్ని మాటలు ఆ ఏడాదంతా మాట్లాడుకోలేదు.

భాయి కొత్త బెల్టు వేశాడు. ఆ కారును మా ఆయన మళ్లీ చాలా ఏళ్లు తోలారు. రాను రాను ఆ మెత్తదనంలోనూ ఆయన చేతులకు దారి తెలియసాగింది. ఇసుకలోకి దిగితే స్టీరింగు ఉత్తగా తేలినట్టవుతుందనీ, మంచి తారురోడ్డు మీద వేగం అందుకుంటే కొంచెం బిగువు వస్తుందనీ చెప్పేవారు.

ఇప్పటి బండ్లలో ఆ పంపూ లేదు, నూనే లేదు, అంతా కరెంటు మోటారేనట. సుఖంగానే ఉంది, కాదనను. మనవరాలు తోలుతుంటే ఆయన వెనక సీట్లో కూర్చున్న కాసేపటికే నిద్రపోతారు. ఒకప్పుడు బండి ఎక్కితే కునుకు తీయని మనిషి ఆయన. గతుకులు తెలియవు, మలుపులు తెలియవు. ఆయనను లేపేసరికి ఊరు వచ్చేసి ఉంటుంది, మలుపులో చెయ్యి వేసే పని లేక నేనూ దారి చూడను, ఏమేం దాటామో మా ఇద్దరిలో ఎవరమూ చెప్పలేము.